సంత రోజు అప్డేట్

"తొమ్మిదింటికి అప్డేట్ నొక్కావు. తొమ్మిదీ ఇరవైకి కంప్యూటరు తెర నల్లబడింది. అంతేనా?"

"అంతేనమ్మా."

"మధ్యలో లేచి బయటికి వెళ్ళావా?"

"నేదు."

"టీ తాగావా?"

పెళ్ళి వీడియోలు తీసే సుక్రు తడబడ్డాడు. టీ గురించి ఎవరైనా అడుగుతారని అతను అనుకోలేదు. "తాగినట్టున్నాను," అన్నాడు.

కృపావతి తన చిన్న పుస్తకంలో 'టీ' అని రాసి చుట్టూ సున్నా చుట్టింది. ముప్పై ఏళ్ళు ఏజెన్సీ స్టేషన్లలో చాకిరీ చేసి, హెడ్ కానిస్టేబులుగా దిగిపోయి ఏడాదయింది. ఇప్పుడు నమ్మి పిలిచినవాళ్ళ కోసం సొంతంగా ఆరా తీసి పెడుతోంది. నిజం చెప్పేవాడు టీ తాగిందీ లేనిదీ ఠక్కున చెబుతాడు. అబద్ధం చెప్పేవాడు ముఖ్యమైనవి మాత్రమే బట్టీ పట్టుకొస్తాడు. ఈ సంగతి ఆమెకి ఏ అధికారీ నేర్పలేదు. వందల మందిని ఎదురుగా కూర్చోబెట్టుకుంటే వచ్చిన తెలివి అది.

"తెర నల్లబడితే ఏం చేశావు?"

"రెండు మూడుసార్లు ఆపి ఏసినాను. రానేదు. ఇంక దారి నేక మొత్తం తుడిసేసి కొత్తగా ఎక్కించినాను. అందులో ఈడియోలన్నీ పోనాయి."

"అప్పన్న ఉన్న వీడియో కూడా?"

"అదీ పోనాది."

గుమ్మంలో నిలబడ్డ అప్పన్న పెళ్ళాం చిట్టెమ్మ ఇంక ఆగలేకపోయింది. "ఎంతిచ్చినార్రా నీకు? ఆ వరహాలరావు ఎంత కుమ్మరించినాడు నీ ఒల్లో? మీ అన్నలాంటోడు జైల్లో కూకున్నాడు, నువ్విక్కడ కూకుని పోనాది పోనాది అని పాట పాడతన్నావా?"

"వదినా, నాను సెప్పేది ఇను..."

"ఇనడానికి ఏటుంది ఇంకా?"

చిట్టెమ్మ కోపానికి కారణం చిన్నది కాదు. మూడు వారాల కిందట కాఫీ వ్యాపారి వరహాలరావు గోడౌను మధ్యాహ్నం రెండున్నరకి తగలబడింది. అంతకు ముందు రోజు తూకం దగ్గర అతనితో గొడవ పడ్డ అప్పన్నే నిప్పు పెట్టాడని కేసు. కానీ ఆ రెండున్నరకి అప్పన్న నాలుగు కిలోమీటర్ల అవతల, మెడలో డప్పు వేసుకుని, సుక్రు వీడియో తీస్తున్న థింసా నాట్యంలో వాయిస్తున్నాడు. వీడియోలో ముందు అప్పన్న ఉన్నాడు, వెనక కొండ పక్కన లేస్తున్న పొగ ఉంది. రెండూ ఒకే బొమ్మలో. ఆడినవాళ్ళు ఇరవై మంది సాక్ష్యం చెప్పినా, అందరూ మీ చుట్టాలే కదా అని తోసేశారు. కెమెరాలోని కార్డుని సుక్రు ఎప్పటిలాగే కంప్యూటరులోకి ఎక్కించుకుని, తర్వాతి పెళ్ళికి తుడిచేశాడు. ఉన్నది ఆ ఒక్క కంప్యూటరులోనే. ఎల్లుండి కోర్టు. వీడియో లేకపోతే చిట్టెమ్మ మొగుడు బయటికి రాడు.

ఆ వీడియో సరిగ్గా మొన్న, డుంబ్రిగుడ సంత రోజున పోయింది.

కృపావతి లేచి కంప్యూటరు దగ్గరికి వెళ్ళింది. గది చిన్నది. ఒక పక్క పెళ్ళి ఆల్బముల అట్టలు, ఒక పక్క లైట్ల స్టాండ్లు. అవతల వంటిల్లు. మధ్య గోడ పైకప్పుదాకా లేదు. కట్టెల పొయ్యి పొగ రోజూ ఈ గదిలోకీ వస్తుందని గోడ చూస్తేనే తెలుస్తోంది.

కంప్యూటరు డబ్బా మీద ఒక కాగితం అంటించి ఉంది. స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు.

'నడుస్తున్నదాన్ని కదపరాదు. డ్రైవర్ అప్డేట్ చేసినోడు ఒక కోడి తప్పు కట్టాలి. ఇట్లు సుక్రు.'

"ఇదేమిటి?" అంది కృపావతి.

చిట్టెమ్మే అందుకుంది. "పోయినేడు కత. ఎవలో పాడేరోల్ల పెల్లి. అంతా అయిపోయి రేపు ఇచ్చెయ్యాలనగా, కొత్త డ్రైవరంట, ఎక్కించినాడు. బొమ్మ ఇంకా బాగొత్తాదని ఎవలో సెప్పినారంట. ఆ దెబ్బకి పెల్లికూతురు మొకం నిండా పచ్చ గీతలు! పెల్లికొడుకు బాగానే ఉన్నాడు. రెండు దినాలు నిద్దర నేకుండా కూకుని, మల్లీ పాతది ఎక్కిత్తే గాని గీతలు పోనేదు. మా అప్పన్న నవ్వి నవ్వి, తప్పు కట్టరా అన్నాడు. కట్టినాడు. నానూ తిన్నాను ఆ కోడి. కారం సాలనేదు."

ఈ కొండల్లో ఊరి కట్టు దాటినవాడికి పెద్దలు వేసే శిక్షని తప్పు అంటారు. తప్పు కట్టిందాకా నలుగురూ వాడిని సూటిపోటి మాటలంటారు. కట్టాక అందరూ కలిసి కూర్చుని తింటారు, గొడవ అక్కడితో సరి. పోలీసు ఉద్యోగంలో కృపావతి చూసిన రాజీల్లో కోర్టులో కుదిరినవాటికన్నా కోడి దగ్గర కుదిరినవే గట్టిగా నిలబడ్డాయి.

ఆమె పుస్తకంలో 'కోడి' అని రాసుకుంది. దాని చుట్టూ రెండు సున్నాలు చుట్టింది.

"ఈ డబ్బా పక్కరేకు తియ్యి."

"ఎందుకమ్మా? లోపల ఏటుంటాది?"

"తియ్యి నాయినా."

సుక్రు వంగి రెండు మరలు విప్పాడు. రేకు పక్కకి జరిగింది. లోపల అన్నిటి మీదా నల్లటి మసి, నూనె జిడ్డులా అతుక్కుని ఉంది. పంకా రెక్కల మీద మసి. తీగల మీద మసి. బొమ్మలు వేసే గ్రాఫిక్స్ కార్డు మీద వేలితో పేరు రాయగలిగినంత మసి.

కృపావతి టార్చి వేసి చాలాసేపు చూసింది. రేకు అలాగే పక్కన పెట్టమని చెప్పి తన ముక్కాలిపీట మీద కూర్చుంది.

అప్పుడే బయట కారు ఆగింది.

వచ్చినతను నలభై లోపు ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన లాప్‌టాప్ సంచి. లోపలికి వస్తూనే అందరికీ కలిపి ఒక నమస్కారం పెట్టాడు. "నా పేరు ఫణీంద్ర. విశాఖపట్నం నుంచి. వరహాలరావు గారి తరఫున ఈ కంప్యూటర్ చూసి రిపోర్టు రాయడానికి వచ్చాను." కృపావతి వైపు చూశాడు. "మీరు కృపావతి గారు కదూ? విన్నాను. ఈ కేసులో మీరు కూడా ఉన్నారని."

"నేనే ముందు ఉన్నాను బాబూ. మీరే తర్వాత వచ్చారు."

ఫణీంద్ర నవ్వాడు. సుక్రుని లేపి కుర్చీలో కూర్చున్నాడు. తెర వెలిగించి పది నిమిషాలు ఏవేవో తెరిచి చూశాడు. మధ్యలో సుక్రుని నాలుగు ప్రశ్నలు అడిగాడు. సుక్రు తొమ్మిదన్నాడు, తొమ్మిదీ ఇరవై అన్నాడు. మాట పొల్లు పోకుండా అవే మాటలు. ఫణీంద్ర తల ఊపుతూ విని, సంచిలోంచి ముందే అచ్చు వేసి తెచ్చిన కాగితం తీశాడు.

"ఇంతే కదా. దీనికి ఇంత గొడవెందుకు? డ్రైవర్ అప్డేట్ ఫెయిలైంది, ఆ కంగారులో ఫార్మాట్ చేశాడు, డేటా పోయింది. వీడియో అనేది ఇప్పుడు లేదు. అతను ఇక్కడ సంతకం చేస్తే సరిపోతుంది."

"ఆగండి," అంది కృపావతి. "నాకు కంప్యూటరు తెలీదు. డ్రైవరంటే ఏమిటో కాస్త చెప్పండి."

"ఎప్పుడైనా ముట్టుకున్నారా మేడం కంప్యూటర్‌ని?"

"లేదు బాబూ. మా స్టేషన్లో కాగితాలు రాసే రైటరు దాని మీద గుడ్డ కప్పి ఉంచేవాడు. మీలాంటివాళ్ళు చెబితేనే మాకు తెలిసేది."

ఆ మాట అతనికి నచ్చింది. కుర్చీ ఇటు తిప్పాడు. "ఇదిగో, ఇది గ్రాఫిక్స్ కార్డు. తెర మీద బొమ్మ వేసేది ఇదే. దీనికీ కంప్యూటర్‌కీ మధ్య తర్జుమా చేసే ప్రోగ్రాం ఒకటుంటుంది. దాన్నే డ్రైవర్ అంటాం. నెలకో కొత్తది వదులుతారు. కొత్త ఆటలు బాగా ఆడతాయనీ, పాత తప్పులు సరిచేశామనీ చెబుతారు. వేసుకున్నాక ఒకడికి బాగుంటుంది, ఇంకొకడికి తెర నల్లబడుతుంది, మూడోవాడికి గీతలొస్తాయి. ప్రపంచంలో పీసీ వాడే ఎవణ్ణయినా అడగండి, ఒకటే మాట చెబుతాడు. నడుస్తుంటే ముట్టుకోకు. ఏది చెడిపోయినా ముందు డ్రైవర్నే తిడతారు. ఇంట్లో పాలు విరిగినా డ్రైవర్ అప్డేటే అని మా ఆఫీసులో జోకు."

"అంటే డ్రైవరు వల్ల పోయిందంటే ఎవరూ మారు మాట్లాడరన్నమాట."

"ఎవరు మాట్లాడతారు? అందరికీ ఒక్కసారైనా జరిగిందేగా."

"బాగుంది. ఎంత ఉంటుంది అది? బరువు?"

"బరువు కాదు, సైజు. ఏడెనిమిది వందల ఎంబీ ఉంటుంది."

"అంటే ఒక సినిమా అంత."

"దాదాపు."

కృపావతి సుక్రు వైపు తిరిగింది. "నీకు నెట్ ఎక్కడిది?"

"ఫోన్లోదేనమ్మా."

"మొన్న సంత రోజు తొమ్మిదింటికి, ఫోను నెట్ మీద, ఇరవై నిమిషాల్లో సినిమా అంతది దించుకుని ఎక్కించావు."

సుక్రు తల దించుకున్నాడు. ఫణీంద్ర కనుబొమలు ముడిచాడు. "అయితే ఏమిటి? ఫోర్ జీ ఉందిగా ఇక్కడ. నాకు ఇప్పుడు బాగానే వస్తోంది."

"మీకు ఇవాళ వస్తుంది. సంత రోజు వచ్చి చూడండి. నలభై ఊళ్ళ జనం, నలభై ఊళ్ళ ఫోన్లు, ఒక్క టవరు. పొద్దున్న ఎనిమిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా హలో అంటే అవతలివాడికి వినబడదు. కొట్లవాళ్ళు డబ్బులు కొట్టే స్కానర్ బోర్డుల్ని గోడకి తిప్పి పెట్టేస్తారు, ఎవడూ అడక్కుండా. ఫోటో ఒకటి పంపాలంటేనే పశువుల సంత దాటి గట్టెక్కాలి. ఈ చుట్టుపక్కల పుట్టినవాడెవడూ సంత పొద్దున్న అంత పెద్దది దించుకుందామని కూర్చోడు."

"విండోస్ తనంతట తనే అంతకు ముందు రాత్రి దించిపెట్టుకుని ఉండొచ్చు. అలా చేస్తుంది."

"చేస్తుందేమో. కానీ ఇతను తొమ్మిదింటికి దించడానికి నేనే నొక్కానంటున్నాడు. మీ కాగితంలో ఏది రాస్తారు? అతని మాటా, మీ మాటా?"

ఫణీంద్ర పెన్ను మూత పెట్టాడు, తీశాడు. "చిన్న తేడాలు మేడం. కంగారులో టైం పొరపాటు చెప్పి ఉంటాడు."

"సరే, ఇంకోటి చెప్పండి. తెర నల్లబడితే లోపలున్నవి పోతాయా?"

"...పోవు. ఫార్మాట్ చేస్తే పోతాయి."

"దీపం ఆరితే గాదెలో ధాన్యం పోదు. గాదె తగలబెడితే పోతుంది. తెలిసినవాడైతే తగలబెట్టకుండా ఏం చేస్తాడు?"

"సేఫ్ మోడ్‌లో, అంటే ఆ డ్రైవర్ లేకుండానే తెరిచి, కొత్త డ్రైవర్ తీసేసి పాతది వేస్తాడు. అరగంట పని. కానీ అందరికీ తెలియాలని లేదుగా."

"చిట్టెమ్మా, పోయినేడు పచ్చ గీతలు ఎలా పోయాయన్నావు?"

"పాతది మల్లీ ఎక్కించినాడు," అంది చిట్టెమ్మ. సుక్రుని కొరికి తినేలా చూస్తోంది. "ఈడే. సొంతంగా. మా ఊరి బడిలో కంప్యూటరు నల్లబడితేనూ ఈడే ఎల్లి బాగుసేసినాడు. ఆ పూట ఈడి ఎచ్చులు ఇనలేకపోనాము."

"కాబట్టి ఇతనికి మందు తెలుసు. అయినా రోగిని పాతిపెట్టాడు." కృపావతి డబ్బా మీది కాగితం చూపించింది. "ఇది చదవండి."

ఫణీంద్ర చదివాడు. పకపకా నవ్వాడు. "కోడా?"

"కోడే. ఆ కట్టు పెట్టుకున్నది ఇతనే. మొదటి కోడి కట్టిందీ ఇతనే. మొన్న మళ్ళీ అదే తప్పు చేశానంటున్నాడు. చిట్టెమ్మా, తిన్నారా?"

"ఏటి?"

"కోడి."

చిట్టెమ్మ నోరు తెరుచుకుంది. ఆ సంగతి ఆమెకి ఇప్పటిదాకా తట్టనే లేదు. "నేదు! ఎవలికీ ఎట్టనేదు. అడగనూనేదు మేము."

"కోర్టులో కోడిని సాక్షిగా నిలబెడతారా మేడం?" అన్నాడు ఫణీంద్ర.

"కోర్టు దాకా ఎందుకు? నాకు తెలియాల్సింది నాకు తెలిసింది. ఊళ్ళో చేసిన తప్పుకి తప్పు కట్టకుండా తిరిగేవాణ్ణి నేను చూశాను. చెయ్యని తప్పుకి కట్టేవాణ్ణి మాత్రం చూడలేదు. ఇతను పోలీసులకి రాసిచ్చిన అబద్ధం బాగానే కట్టాడు. కోడిని మాత్రం మర్చిపోయాడు." కృపావతి లేచింది. ఆమెకి ఇప్పుడు ఊపు వచ్చింది. ఈ ఇద్దరూ ఒకే తాటి మీద ఉన్నారని వచ్చినప్పటి నుంచీ ఆమె అనుమానం. ఒకడు అమ్మాడు, ఒకడు కొన్నాడు. కొన్నది సక్రమమే అని కాగితం రాసుకోవడానికి వచ్చారు. ముసుగు ఇప్పుడే లాగెయ్యాలి, ఇద్దరి ముఖాలూ ఒక్కసారే చూడాలి.

టార్చి వెలిగించి డబ్బాలోకి పట్టుకుంది.

"ఇటు రండి బాబూ. మీ చదువు నాకు లేదు, ఇల్లు ఊడ్చుకున్న కళ్ళతో చూస్తున్నాను. పంకా మీద మసి, తీగల మీద మసి, కార్డు మీద మసి. రెండేళ్ళ పొయ్యి పొగ. వీడియోలన్నీ దాచుకునే ఈ డిస్కు మీద చూడండి. మసేది?"

ఆమె టార్చి వెలుగుని డిస్కు మీదే ఆపింది.

"ఇది నిన్నో మొన్నో పెట్టిన డిస్కు. తుడిచేస్తే లోపలున్నవి పోతాయి గాని పైనున్న మసి పోదు. అసలు డిస్కుని ఎవరూ తుడవలేదు. విప్పి తీసుకుపోయారు. అది ఎక్కడో నిక్షేపంగా ఉంది."

ఫణీంద్ర వంగాడు. డిస్కు మీద వేలు రాసి ఆ వేలు చూసుకున్నాడు. శుభ్రంగా ఉంది.

కోపం వస్తుందని కృపావతి ఎదురుచూసింది. బుకాయిస్తాడని, లేదా సుక్రు వైపు దొంగచూపు ఒకటి విసురుతాడని ఎదురుచూసింది. అవేవీ రాలేదు. అతని ముఖంలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది. దొరికిపోయిన దొంగ ముఖం కాదది. సంతలో తప్పిపోయిన మేక కళ్ళబడ్డవాడి ముఖం.

"నిజమే మేడం," అన్నాడు చాలా మర్యాదగా. "ఇది నేను చూసుకోలేదు. మీరు గొప్పవారు." నిలబడి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఈ ఇంట్లో ఇంకెవరుంటారు?"

"ఇంకెవలు? ఈడి పెల్లాం రమణి," అంది చిట్టెమ్మ, అదే ఊపులో. "పొద్దున్నే రాగుల మూట నెత్తినెట్టుకుని బొర్రా ఎల్లిపోనాది, పుట్టింటికంట. ఏ పండగని? మొగుడు తిన్న సొమ్ము దాసడానికే..."

"వదినా!"

సుక్రు అరుపుకి చిట్టెమ్మ ఉలిక్కిపడింది. కృపావతి కూడా ఉలిక్కిపడింది. పొద్దున్నుంచి నోట్లో నాలుక లేనట్టు ఉన్న మనిషి అరిచిన అరుపు అది.

"వస్తానండీ," అన్నాడు ఫణీంద్ర. గుమ్మం దిగుతూనే ఫోను చెవికి పెట్టుకున్నాడు. కారు తలుపు వేసిన చప్పుడు. ఇంజను చప్పుడు. కారు అరకు వైపు దారి పట్టింది. బొర్రాకి వెళ్ళేదీ ఆ దారే.

కృపావతి నిలబడిన చోటనే ఉండిపోయింది. కొన్నవాడికి, తాను కొన్న సరుకు ఉందని తెలిస్తే ఆశ్చర్యం ఎందుకు? వాళ్ళు కొనలేదు. వాళ్ళకి తెలియదు. పోయిందని మనస్ఫూర్తిగా నమ్మి, ఆ నమ్మకాన్ని కాగితం మీద పెట్టుకోవడానికి వచ్చాడు. అంటే...

"నువ్వే దాచావు," అంది.

సుక్రు నేల మీద కూలబడ్డాడు. "ఏటమ్మా ఇలా సేసేసినారు? ఈడియో నాకాడుందని మా నోటితో మేమే సంతలో సెప్పుకున్నాము. ఆ మర్నాటి నుంచి ఇంటి సుట్టూ ఎవలెవలో తిరగతన్నారు. ఒకనాడు తాళం ఇరగ్గొట్టినారు. ఎల్లుండి దాకా దాన్ని బతికించుకోవాల. పోనాదంటే నమ్మాల కదా? దొంగలెత్తుకుపోనారంటే నమ్మరు, కాలిపోనాదంటే నమ్మరు. డ్రైవరు అప్డేట్ సేసి సెడగొట్టుకున్నానంటే ఎవలైనా నమ్ముతారు. ఇలాటోల్లు ఇంకా బేగి నమ్ముతారు. నవ్వుకుని ఎల్లిపోతారు. ఆయన అలాగే ఎల్లిపోయేవోడమ్మా. సంతకం ఎట్టించుకుని ఎల్లిపోయేవోడు."

చిట్టెమ్మ వచ్చి అతని ముందు కూర్చుంది. "నాకైనా ఒక్క ముక్క సెప్పలేదేటిరా?"

"నీకు సెప్తే డప్పేసినట్టే కదా వదినా."

తిట్టుకోవడానికి వ్యవధి లేదు. కృపావతి గోడ గడియారం చూసింది. పదకొండూ యాభై. "డిస్కు రమణి దగ్గరుందా?"

"రాగుల మూటలో. అరకు టేసన్లో వరహాలరావు మనుసులుంటారని, బొర్రాలో రైలెక్కమన్నాను. నాలుగింటికి రైలు. ఇసాపట్నంలో లాయరు గారి చేతికి ఇవ్వాలి. కాపీ ఇత్తే కల్తీ అంటారు, అసలు డిస్కే తెమ్మన్నారాయన."

నాలుగింటికి రైలు. కారు ఒంటిగంటకల్లా బొర్రాలో ఉంటుంది. పోలీసు స్టేషనుకి చెబుదామంటే, వీడియో పోయిందని సుక్రు వాళ్ళకే సంతకం పెట్టి ఇచ్చాడు. ముందు అతన్నే కూర్చోబెడతారు, మిగతావన్నీ తర్వాత. తప్పు ఆమెది. దాన్ని ఏ కోడితోనూ తీర్చలేం.

"రమణి నంబరు చెప్పు. త్వరగా."

సుక్రు చెప్పాడు. కృపావతి నొక్కింది. అవతల మోగింది. వంటింట్లో, చేటల వెనక నుంచి అదే క్షణాన పాట వినబడింది.

"ఫోను ఎట్టేసి ఎల్లమన్నాను," అన్నాడు సుక్రు. "ఎవలూ జాడ పట్టకూడదని."

కృపావతి వెళ్ళి ఆ ఫోను తెచ్చింది. తన ఫోను కట్ చేసింది. పాట ఆగింది. ఆమె చేతిలోనే, పది లెక్కపెట్టేలోగా, అది మళ్ళీ మోగింది. తెర మీద పేరు వచ్చింది.

రవిబాబు, లాయరు గారి గుమాస్తా.

"ఎత్తండమ్మా!" సుక్రు ముఖంలో ప్రాణం వచ్చింది. "మనోడే. రాత్రి నానే ఫోన్ సేసి రైలు సంగతి సెప్పినాను."

"డిస్కు సంగతి చెప్పావా?"

"నేదు. లాయరు గారికి తప్ప ఎవలికీ సెప్పనేదు. ఆయన ఊర్లో నేరు, రాత్రికొత్తారు. రవిబాబుతో రమణి కేసు కాయితాలు తెత్తాది, దింపుకోండని అంతే అన్నాను."

కృపావతి వేలు పెదవుల మీద పెట్టి చూపించి, అందరికీ వినబడేలా ఎత్తింది.

"రమణేనా? నేనమ్మా, రవిబాబుని." తీయటి గొంతు. కొంచెం ఆయాసం. "ఎక్కడున్నావు? రైలు కోసం కూర్చోకు. మన మనుషులు కారులో వస్తున్నారు నీ కోసమే. ఆ డిస్కు జాగ్రత్తగా వాళ్ళ చేతిలో పెట్టెయ్యి. సరేనా తల్లీ?"

సుక్రు రక్తం తోడేసినవాడిలా అయిపోయాడు.

డిస్కు అన్న మాట ఈ గదిలో పుట్టి పావుగంట కాలేదు. బయటికి తీసుకెళ్ళినవాడు ఒక్కడే. ఆ ఒక్కడు గుమ్మం దిగుతూనే ఎవరికి ఫోను చేశాడో ఇప్పుడు తెలిసింది. అప్పన్న కేసు కట్టలన్నీ ఎవరి బీరువాలో ఉన్నాయో కూడా తెలిసింది.

"ఏమ్మా, పలకవేంటి?"

కృపావతి గొంతు సన్నం చేసింది. చిన్నప్పుడు తన తల్లి మాట్లాడిన మాట, ఉద్యోగంలో చేరాక తాను మానేసిన మాట, నాలుక మీదికి దానంతటదే వచ్చింది.

"బొర్రా ఎల్లనేదు బాబూ. అరకులో ఎవలో ఎనకాల పడినారు. బయమేసి బస్సెక్కి పాడేరు ఒచ్చేసినాను. బస్టాండులో కూకున్నాను. మూట ఒల్లోనే ఉంది."

అవతల ఎవరితోనో చెయ్యి అడ్డం పెట్టి మాట్లాడుతున్న చప్పుడు.

"పాడేరా? మంచి పని చేశావు. అక్కడే ఉండు, కదలకు. ఎవరితోనూ మాట్లాడకు."

ఫోను కట్టయింది. పాడేరు ఇటు, బొర్రా అటు. ఈ అబద్ధాన్ని ఎంతసేపు నమ్ముతారో తెలియదు. ఒక గంట అయినా నమ్మితే చాలు. మిగతాది రోడ్డు మీద చూసుకోవచ్చు.

"మా అప్పన్న కాయితాలన్నీ ఆడి సేతిలోనే ఎట్టినాను," అంటోంది చిట్టెమ్మ, తనలో తనే. "టీలు పోయించినాను ఆడికి."

సుక్రు అప్పటికే బండి తాళం వెతుకుతున్నాడు. "కారు ఎనక్కి తిరిగితే మనకి నాలుగ్గంటలు దొరికినట్టేనమ్మా. రైలెక్కేత్తాది. ఇంక బయం నేదు."

"ఆ రైలు దిగేచోట దింపుకోవడానికి ఎవరొస్తారు?"

సుక్రు చెయ్యి తాళం మీదే ఆగిపోయింది.

"బండి తియ్యి," అంది కృపావతి, చీర చెంగు నడుముకి బిగిస్తూ. "రమణి ఆ రైలు ఎక్కకూడదు."